తిరగలిలో మిగిలిన చెయ్యి

గుండ్లకోటలో భూమి సణగడం మొదలై అప్పటికి నాలుగు నెలలు. పెద్ద భూకంపం కాదు. పెద్దది ఒకటి వచ్చి పోయుంటే, చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఏడ్చి కుదుటపడేవాళ్ళేమో. ఇది అట్లా కాదు. ఈగ వాలితే ఎద్దు చర్మం ఎట్లా జలదరిస్తుందో, రోజుకు పదిసార్లు, పదిహేనుసార్లు నేల అట్లా జలదరించేది. అటక మీద గిన్నెలు ఒకదాన్నొకటి తాకేవి. తొట్టిలో నీళ్ళు వలయాలు కట్టేవి. అంతే. మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఉండేది. వచ్చింది చిన్నదో పెద్దదో, అది పోయేదాకా తెలిసేది కాదు.

ఊరికి కొత్త అలవాట్లు వచ్చాయి. చెప్పులేసుకునే పడుకోవడం. స్నానాలగది తలుపు జానెడు తెరిచి పెట్టడం. నిలబడే అన్నం తినడం. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి చెవి ఒగ్గడం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లకంటే ముందు పైకప్పు చూసేవాళ్ళు.

కుళ్ళాయప్ప ఒక్కడే మారలేదు. కోటలోని మ్యూజియంలో అటెండరు అతను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మాట ఖరీదైన మనిషి. నేల కదిలితే అందరూ వీధిలోకి ఉరికేవాళ్ళు. అతను పీట మీద కూచునే ఉండేవాడు, గ్లాసులో టీ ఒలక్కుండా పట్టుకుని.

వాకిట్లోంచి సుంకులమ్మ అరిచేది. "నువ్వు మనిషివేనా? గోడ మీద పడితే ఆ టీ గ్లాసు కాపాడుతాదా నిన్ను?"

"ఏమైందిప్పుడు?" అనేవాడు.

"ఏమైందంట! వినండమ్మా, ఏమైందని అడుగుతాండాడు! లోకంలో మగోళ్ళే లేనట్టు మా నాయన ఈ బండరాయిని తెచ్చి నా మెడకు కట్టినాడు."

వీధిలో వణుకుతూ నిలబడ్డవాళ్ళంతా ఫక్కున నవ్వేవాళ్ళు. ఆ పూటకు ఆ నవ్వే వాళ్ళకు మందు.

ఆరో నెలకు సుంకులమ్మ నోరు కూడా సన్నగిల్లింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచి వినేది. తల సగం దువ్వుకుని దువ్వెన జుట్టులోనే వదిలేసేది. పొద్దస్తమానం గుమ్మం పట్టుకుని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకోనంది. మత్తులో ఉండగా పెద్దది వస్తే? జాకెట్లు వదులయ్యాయి. అన్నం వారుస్తుంటే చేతులు వణికి గంజి పాదాల మీద పడింది. ఆ రోజు కుళ్ళాయప్ప చాలాసేపు ఆ పాదాలనే చూశాడు. చూసి, "రేపు నాతో రా. మ్యూజియం గోడలు మూడు మూరల మందం. ఆడ కూచో," అన్నాడు. అతనికి అది పెద్ద ఉపన్యాసం కింద లెక్క.

మ్యూజియమంటే ఒకప్పటి కోట ధాన్యపు కొట్టు. కొండబండ మీదనే కట్టారు. లోపల పోరులో చచ్చినవాళ్ళకు నిలిపిన వీరగల్లులు, ముక్కు విరిగిన విగ్రహాలు, పిడి లేని కత్తులు. మూలన రాణివాసపు వంటశాలలో దొరికిన పెద్ద తిరగలి. పై రాయి బండిచక్రం అంత ఉంటుంది. పాతకాలపుదని పలక మీద రాశారు కానీ దాన్ని తిప్పినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

ఆ కొట్టులోనే ఒక బల్ల వేసుకుని, వైర్లు పరుచుకుని సుచరిత కూచునేది. నలభై దాటని మనిషి. భూమి కదలికలు కొలవడానికి హైదరాబాదు నుంచి పంపారు. నేల వణికిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచి, పెన్ను మూత కొరుకుతూ కంప్యూటర్ తెర దగ్గరికి పరిగెత్తేది. ఎంత చదువుకున్నా భయం భయమే అని కుళ్ళాయప్ప లోపల అనుకునేవాడు.

సుంకులమ్మ వచ్చిన మూడో రోజు అది జరిగింది. ఎలుక కొరికిన వైరు మార్చేదాకా సుచరిత కొలిచే డబ్బాను తిరగలి మీద పెట్టింది. చదునుగా ఉంది కదా అని. నేల వణికింది. తెర మీద రావలసిన గీత వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. కొండచిలువ కదిలినట్టు మెల్లగా, గుండ్రంగా, మళ్ళీ మళ్ళీ.

"ఇది భూమిది కాదు," అంది సుచరిత. "ఎవరో తిప్పుతున్నట్టు ఉంది."

రెండు రోజులు ఆమె అన్నం నీళ్ళు మానేసి దాని వెంటే పడింది. మూడో రోజు ఒక రాగి పలకను డబ్బాకు తగిలించి, అరచెయ్యి ఆనించి చూసుకుంది. చూసుకుని అట్లాగే ఉండిపోయింది. తర్వాత గుమ్మం పట్టుకుని వణుకుతున్న సుంకులమ్మ కనబడింది.

"అమ్మా, ఇట్లా రండి. చెయ్యి ఇక్కడ పెట్టండి."

"కరెంటు కొడతాదేమో మేడమ్మా."

"కొట్టదు. రాయిలో మెరిసే పలుకులు ఉంటాయి చూడండి. ఏళ్ళ తరబడి ఒక చెయ్యి ఒకే తీరుగా ఒత్తితే ఆ ఒత్తిడి వాటిలో నిలిచిపోయినట్టుంది. భూమి పిండినప్పుడల్లా రాయి దాన్ని కొంచెం కొంచెంగా వదులుతోంది. ఈ పలక దాన్ని పెద్దది చేస్తుంది. అంతే. ఎప్పటిదో ఒక చెయ్యి అనుకోండి."

సుంకులమ్మ మొగుడి వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె అరచెయ్యి పలక మీద పెట్టింది. కాసేపటికి భుజాలు దిగాయి. పళ్ళు కరుచుకున్న దవడ వదులైంది. పావుగంట తర్వాత నేల కదిలితే ఆమె కదల్లేదు.

"ఎవరో వీపు నిమురుతాండారు మేడమ్మా," అంది కళ్ళు మూసుకునే. "ఎవరో బాగా తెలిసిన మనిషి."

అంతే చాలు. వారంలో ఊరంతా తెలిసింది. 'చేతిపెట్టె' అని పేరు పెట్టుకున్నారు. మ్యూజియం అంటే బడిపిల్లలు తప్ప తొంగిచూడని ఊళ్ళో కోటమెట్ల దాకా వరుస. ఒక్కొక్కరికి పది నిమిషాలు. రాణివాసపు దాసి ఎవరో మన కోసం నెమ్మదిని రాతిలో దాచిపోయిందని చెప్పుకున్నారు. సుచరిత ఆ గీతను రికార్డు చేసి వేరే పలక మీద వినిపించి చూసింది. గడియారం టిక్కుటిక్కులాగా వట్టిగా ఉందన్నారు. రాయి ఉండాల్సిందే.

కుళ్ళాయప్పకు వరుసను నడపడం పని. ఒకరోజు అందరూ వెళ్ళాక తనూ చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ తెలియలేదు. పలక చల్లగా ఉంది, అంతే.

"కొందరికి అందదేమో," అంది సుచరిత. ఆమె మాత్రం రోజూ తలుపులు తెరవకముందే అరగంట చెయ్యి పెట్టుకునేది. పని చేసుకోవాలి కదా మరి.

ఇంట్లో మొదట మొదట అతనికి హాయిగానే ఉంది. సుంకులమ్మ కూచుని తినింది. తల దువ్వుకుంది. నేల కదిలితే ఉరకలేదు. తర్వాత తర్వాత ఏదో తక్కువైనట్టు తోచింది. కూరలో ఉప్పు లేదు. ఉప్పు లేదని అతను అనలేదు, వేయలేదని ఆమెకు తెలియలేదు. పక్కింటి ఆమె చెత్త వీళ్ళ వాకిట్లోకి ఊడ్చింది. సుంకులమ్మ చూసింది. చూసి లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళలో అట్లాంటిది అతను చూడలేదు.

ఊళ్ళో కూడా అంతే. కొళాయి దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి, కొట్లాట లేదు. సంతలో బేరాలు లేవు. చెప్పిన ధరకు తీసుకుని పోతున్నారు. బస్టాండులో టీ కొట్టు మస్తాన్ వలీ, రోజంతా బస్సుల పేర్లు పాటలాగా అరిచేవాడు, మూగగా గ్లాసులు కడుగుతున్నాడు. ఊరు నెమ్మదించిందని అధికారులు వచ్చి చూసి సంతోషపడ్డారు. కుళ్ళాయప్పకు మాత్రం ఎక్కడికి పోయినా అద్దం ముందు నిలబడినట్టుండేది. ఎందుకో తెలిసేది కాదు.

ఎనిమిదో నెల్లో సుచరిత అతన్ని తెర దగ్గరికి పిలిచింది.

"మీరు పల్లె మనిషి, మీకు తెలిసుంటుంది. ఇది చూడండి. గీతలు గుత్తులుగా ఉన్నాయి. రోజుకొక గుత్తి అనుకుంటున్నాను. ఆరు గుత్తులు, ఒక ఖాళీ. మళ్ళీ ఆరు, ఒక ఖాళీ. అంతా అదే లెక్క. వారానికి ఒక రోజు తిరగలి ముట్టని ఆచారం ఏమైనా ఉండేదా? శుక్రవారం అట్లా?"

కుళ్ళాయప్ప తల్లి శుక్రవారం కూడా పిండి విసిరేది. విసరకపోతే రొట్టె ఎక్కడిది?

శుక్రవారం మ్యూజియానికి సెలవు.

రోజూ పొద్దున తలుపులు తీయగానే అతని మొదటి పని తిరగలి తుడవడం. మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలి, చెయ్యి తగలకూడదు, అది రూలు. అతను అరచేతిలో ఒక చుక్క ఆముదం వేసుకుని ఒట్టి చేత్తో గుండ్రంగా రుద్దేవాడు. వాళ్ళమ్మ ఇంట్లో తిరగలిని అట్లాగే చూసుకునేది. రాయికి కూడా ఒళ్ళుంటుంది, ఎండిపోనీయకూడదు అనేది. చాకిరీలో అది ఒక్కటే అతనికి ఇష్టమైన పని. ఎవరూ ఉండరు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. సందర్శకుల ముందు ఒక పెద్దసారు చెంప మీద కొట్టిన మరునాడు కూడా వచ్చి రుద్దాడు. ఏమనిపించినా రుద్దేవాడు, అది పోయేదాకా.

"ఇంకోటి," అంది సుచరిత. "ఇక్కడ ఒకేచోట తొమ్మిది రోజులు ఖాళీ. మళ్ళీ మొదలైనప్పుడు చూడండి, ఒత్తిడి ఎంత లోతుగా పడిందో. రెండు నెలలు అట్లాగే. పాపం, ఆమెకు ఏదో పెద్ద కష్టం వచ్చుంటుంది. విచిత్రం ఏమిటంటే అందరికీ ఎక్కువ నెమ్మది వచ్చేది ఈ ముక్క దగ్గరే."

ఇరవై ఆరేళ్ళలో అతను వరుసగా సెలవు పెట్టింది ఒక్కసారే. తొమ్మిది రోజులు. నాలుగేళ్ళ కూతురు గంగ జ్వరంతో పోయినప్పుడు. సుంకులమ్మ ఏడాదిపాటు వీధి వీధంతా వినేట్టు ఏడ్చింది. అతను పదో రోజు డ్యూటీకి వచ్చాడు.

"మీకేమైనా తెలుసా?" అంది సుచరిత.

"తెలీదు మేడమ్," అన్నాడు.

ఆ మాట మింగడం అతనికి కష్టం కాలేదు. అలవాటే కదా. పదకొండు రోజులు మింగుకునే తిరిగాడు. చెబితే ఏమవుతుంది? ఉద్యోగం సంగతి అటుంచి, జనం నెమ్మదిగా ఉన్నారు. దాసిదైతేనేం, అటెండరుదైతేనేం? అట్లా సర్దిచెప్పుకున్నాడు. అయినా వరుసలో ఒక్కొక్కరు చెయ్యి పెడుతుంటే తన చొక్కా విప్పి ఎవరో చూస్తున్నట్టు ఒళ్ళు ముడుచుకునేది. ఒక చోట కూచోలేకపోయేవాడు. హాల్లో ఈ కొసనుంచి ఆ కొసకు, మళ్ళీ ఇటు.

పన్నెండో రోజు శుక్రవారం. మధ్యాహ్నం సుంకులమ్మ దొడ్డిగోడ కింద చాట పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కుళ్ళాయప్ప వీధి చివర నుంచి వస్తున్నాడు. నేల కదిలింది. ఎప్పటికంటే గట్టిగా. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. అతను చూస్తుండగానే గోడ పైవరస రాళ్ళు జారాయి.

"లెయ్!" అన్నాడు. గొంతు పెగల్లేదు. అలవాటు లేని గొంతు.

మోకాలంత రాయి ఆమె పక్కన జానెడు దూరంలో పడింది. చాట నుజ్జయింది. దుమ్ము. అతను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి సుంకులమ్మ అట్లాగే కూచుని ఉంది. మోచేయి చీరుకుని రక్తం కారుతోంది. వేళ్ళ మధ్య ఒక కాయ. దాన్ని ఒలిచి, గింజలు ఒళ్ళో వేసుకుంది.

"రాయి పడింది, చూడలా?"

ఆమె అతని వైపు చూసింది.

"ఏమైందిప్పుడు?" అంది.

అతని మాటే. అతని గొంతే. ముప్పై ఏళ్ళుగా ఈ మాట ఎదుటి మనిషికి ఎట్లా వినిపిస్తుందో కుళ్ళాయప్పకు అప్పుడు తెలిసింది.

ఆమెను ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ ఇంకా ఐదుగురు ఉన్నారు. తల పగిలినవాళ్ళు, కాలు విరిగినవాళ్ళు. మస్తాన్ వలీ ఒకడు. కాగుతున్న పాలు మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాడట. ఐదుగురూ రోజూ వరుసలో అతను చూసే ముఖాలే. ఎవరూ పరిగెత్తలేదు. ఎవరూ మూలగడం లేదు కూడా. ఆ వార్డు నిశ్శబ్దం భరించలేక అతను వరండాలోకి వచ్చేశాడు.

మరునాడు తలుపులు తీయకముందే సుచరిత దగ్గరికి పోయాడు. ఆమె పలక మీద చెయ్యి పెట్టుకుని కూచుంది.

"మేడమ్, ఆ చెయ్యి నాది."

అంతా చెప్పాడు. ఆముదం సంగతి, శుక్రవారం సంగతి, తొమ్మిది రోజుల సంగతి. చెప్పడానికి చెమటలు పట్టాయి.

"ఓహో," అందామె. "శుక్రవారం సెలవు. నాకు తట్టనేలేదు. రిపోర్టులో సరిచేస్తాను."

"దాన్ని ఆపాల మేడమ్."

"ఎందుకు?"

"అది నెమ్మది కాదు. మింగడం. నేను మింగిందంతా రాయి తాగింది, రాయిలోంచి వీళ్ళు తాగుతాండారు. ఉరకాల్సిన కాలు ఉరకడంలా. ఐదుగురు పడినారు. నా భార్య..."

"ఐదుగురు, తెలుసు. నమోదు చేశాను," అంది సుచరిత, వాన పడిందని చెప్పినట్టు. "సోమవారం రాయిని కోయడానికి మిషను వస్తోంది. నలభై ముక్కలు. నలభై మండలాలకు పంపుతారు. చాలామందికి మేలు జరుగుతుంది కుళ్ళాయప్ప గారూ."

ఆ మాటల మధ్యలోనే నేల వణికింది. తెర మీద గీత ఎగిరింది. సుచరిత అటు చూడలేదు. పెన్ను మూత నోట్లో లేదు. కుళ్ళాయప్పకు ఈ మనిషితో ఇంక మాట్లాడి లాభం లేదని అర్థమైంది. ఆమె లోపల కూచుని జవాబు చెబుతున్నది తనే.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. రెండు వందల మంది. అంతమంది ముందు అతను ఎప్పుడూ నోరు తెరవలేదు.

"అయ్యా, అమ్మా. తిరగలిలో ఉండేది రాణివాసం చెయ్యి కాదు. నాది. రోజూ తుడిచేది నేను. మీకు వచ్చేది నా మొద్దుతనం. దండం పెడతా, ఇండ్లకు పోండి. భయం ఏస్తే పడండి. ఏడుపొస్తే ఏడవండి. ఇది మాత్రం వద్దు."

ముందు వరుసలో ఉన్నామె సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"సరేలే అప్పా, తలుపు తియ్యి," అన్నాడొకాయన నింపాదిగా.

చివరన మాత్రం కొత్తగా వచ్చిన నాగిరెడ్డి, దూరపు ఊరి పెద్దరైతు, ఇంకా చెయ్యి పెట్టనివాడు, గయ్యిమన్నాడు. "ఏందిరా? మహారాణులు తిప్పిన రాయని మూడు బస్సులు మారి వచ్చినా. నీ చెయ్యి పట్టుకోనీకా? తూ!" అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు, దేన్నీ ముట్టకముందే.

కుళ్ళాయప్పకు ఆ తిట్టు వినసొంపుగా ఉంది. అంత గుంపులో బతికున్న గొంతు అదొక్కటే.

కోటమెట్లు బాగుచేస్తున్న రాళ్ళపనివాళ్ళ దగ్గర ఉలి, సుత్తి అడిగి తీసుకున్నాడు. లోపలికి పోయాడు. వాడగా వాడగా నున్నబడిపోయిన తిరగలికి ఉలితో మళ్ళీ గరుకు పెట్టడాన్ని కక్కు కొట్టడం అంటారు. మామూలుగా రాయి లోపలి ముఖానికి కొడతారు. అతను పై ముఖానికి, తన అరచెయ్యి ఇరవై ఆరేళ్ళు తిరిగిన చోట, ఉలి ఆనించాడు.

చెయ్యి ఆగింది. ఒక చిన్న పెచ్చు లేచినా ఈ రాయికి ఎవరిని జవాబుదారీ చేస్తారో అతనికి తెలుసు. రాయి నల్లగా, మెత్తగా మెరుస్తోంది. అది అతని బిడ్డలాంటిది. అంతకంటే పెద్ద మాట అతని దగ్గర లేదు.

కొట్టాడు.

రాతి నలక కళ్ళలో పడింది. మళ్ళీ కొట్టాడు. తెర మీద గుండ్రటి గీత వంకర్లు పోయింది. పలక మీద చెయ్యి ఉన్న సుచరిత కెవ్వుమని చెయ్యి లాక్కుంది. గోడకు ఆనుకుని, ఊపిరి అందనట్టు చూసింది.

"మీ ఉద్యోగం పోతుంది," అంది మెల్లగా.

"పోనీ మేడమ్."

అంచునుంచి మధ్యకు, మధ్యనుంచి అంచుకు, ఒక్క అరచెయ్యంత మేర కూడా వదలకుండా కొట్టాడు. ఒక చోట, ఏ చోటో అతనికి తెలుసు, ఉలి జారింది. కళ్ళు కనబడక. నలక వల్ల కాదు.

సాయంత్రానికి సస్పెన్షను కాగితం వచ్చింది.

మూడు రోజులకు ఊరికి భయం తిరిగొచ్చింది. రెండు నెలలు అణిగింది ఒక్క దెబ్బన వచ్చింది. బస్టాండులో జనం ఒకరి మీద ఒకరు పడి ఉరికారు. రిటైరైన పోస్టుమాన్ ఒకాయనకు గుండె పట్టేసి కర్నూలుకు తీసుకుపోయారు. ఆయన కూతురు కుళ్ళాయప్ప ఇంటి ముందుకొచ్చి దుమ్మెత్తిపోసింది. అతను తల వంచుకుని అంతా విన్నాడు. చేసింది మంచో చెడో అతనికి ఆ ఘడియకు తెలియలేదు. ఎవరో తలుపు మీద పేడ కొట్టి పోయారు.

నాలుగో రోజు సుచరిత వచ్చి అరుగు మీద కూచుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఆ ఐదుగురినీ చూసొచ్చాను. మస్తాన్ వలీ ఒళ్ళు... నేను నమోదు చేశానండీ. నమోదు చేసి టీ తాగాను." కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుంది. "జనం ఇంకా వస్తున్నారు. అలవాటు కొద్దీ పదింటికే. పలక తీసేసినా ఖాళీ బల్ల ముందు వరుసలో నిలబడ్డారు. తర్వాత వాళ్ళే కింద కూచున్నారు. ఇంట్లో ఉండలేకపోతున్నాం, ఇక్కడ కూచోనివ్వమన్నారు. తెర వాళ్ళ వైపు తిప్పాను. వచ్చింది ఎంతదో అప్పటికప్పుడు చెబుతున్నాను. ఒకామె ఆ వీరగల్లు చూపించి వీడెట్లా చచ్చాడని అడిగింది. చెప్పాను. ఇంకొకాయన వాళ్ళ తాత కథ ఎత్తుకున్నాడు. అరుస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు. మిమ్మల్ని తలుచుకుంటున్నారు."

"ఏమని?"

"తిడుతున్నారు."

"మంచిదే," అన్నాడు.

ఊరందరికీ తిరిగొచ్చింది కానీ సుంకులమ్మకు రాలేదు. అందరికంటే ముందు చెయ్యి పెట్టింది ఆమె. రోజూ పెట్టింది ఆమె. నేల కదిలినప్పుడల్లా కుళ్ళాయప్ప ఆమె రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కుపోయేవాడు. మూటలాగా వచ్చేది. కదలడం ఆగితే మూటలాగా లోపలికి పోయేది. అతను ఆమెకు రెండు బారల దూరం దాటి ఎక్కడికీ పోలేదు. తినేటప్పుడు వినేవాడు. బస్సు పోతే నేల అదిరిందనుకుని లేచేవాడు. ఆమె ముఖంలో ఒక్క కండరం కదుల్తుందేమోనని చూసీ చూసీ కళ్ళు మండేవి. ఇది ఇంక మామూలుకు రాదేమో అన్న ఆలోచన వస్తే గుమ్మం పట్టుకునేవాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

పన్నెండో రోజు పొద్దున అతను దొడ్లో ముఖం కడుక్కుంటున్నాడు. నేల కదిలింది. కళ్ళలో సబ్బు. గోడ తడుముకుంటూ, చెంబు తన్నుకుంటూ లోపలికి పడ్డాడు. పీట ఖాళీ. పొయ్యి దగ్గర లేదు. పెంకులు టకటకమంటున్నాయి.

"సుంకులూ!"

వీధిలోంచి వినబడింది. నాలుగు వీధులకు వినబడింది.

"యాడ సచ్చినావయ్యా! ఇల్లు కూలేటప్పుడే కడుక్కోవాల్నా ఆ చందమామ మొగం? బయటికి రా! రావా? నేను రావాల్నా?"

ఆమె వచ్చేసింది కూడా. చొక్కా లేని వాణ్ణి జబ్బ పట్టుకుని, వీపు మీద ఒకటి వేసి, వీధిలోకి ఈడ్చింది. నేల ఆగింది. ఆమె ఆగలేదు. ఉప్పు లేని కూర గురించి, పక్కింటి చెత్త గురించి, పోయిన చాట గురించి రెండు నెలల బాకీ తీర్చుకుంటోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చుట్టూ జనం గుమిగూడారు. ఎవరో నవ్వారు.

కుళ్ళాయప్ప నడివీధిలో కూలబడ్డాడు.

"ఏమయ్యో? ఏమైందిప్పుడు?" అంది ఆమె అదిరిపడి.

"భయమైతాంది," అన్నాడు.

ఆమె నోరు మూతపడింది.

"నువ్వు లోపల లేకపోతే భయమేసింది. చానా భయమేసింది. గంగ పోయినప్పుడు గూడా..." ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. సబ్బునురగ ఇంకా చెవుల వెంట కారుతోంది.

సుంకులమ్మ పక్కన కూచుంది. కొంగుతో అతని ముఖం తుడిచింది, బిడ్డకు తుడిచినట్టు కాదు, గిన్నె తోమినట్టు. తర్వాత లేచి అతని చెయ్యి పట్టి లాగింది.

"లెయ్. చొక్కా ఏసుకో. పోదాం."

"యాడికి?"

"మ్యూజియానికి. అందరూ ఆడనే కూచుంటాండారంట కదా. అంతమందికీ నోరు మూయించినావు, ఇప్పుడు వాళ్ళ ముందర కూచుని ఏడువు."

"నన్ను రానీరే. సస్పెండు చేసినారు."

"నౌకర్ని రావద్దన్నారు. మనిషిని రావద్దన్నారా?" అంది. "ముప్పై ఏండ్లది ఉంది నీ దగ్గర. అంతా నేనొక్కదాన్నే వినాల్నా? నా వల్ల కాదు. నడువు."

అతను నడిచాడు. కోటమెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి గోల వినబడుతోంది. ఒకరి మాట మీద ఒకరు.